లీడ్స్‌లో నా 'వన్స్ మోర్'

అన్నాను, నిజమే. గట్టిగానే అన్నాను. ఇంగ్లండులో, లీడ్స్ గ్రాండ్ థియేటర్‌లో 'లా బోహెమ్' అనే ఒపెరా (మొత్తం పాటల్లోనే నడిచే నాటకం) మొదటి అంకం. చలికి గడ్డకట్టిన అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆ కుర్ర కవి పాడిన పాట పైకెక్కి దిగగానే జనం చప్పట్లు కొట్టారు, నా నోట్లోంచి 'వన్స్ మోర్!' అని వచ్చేసింది. ముందు వరసలో ఒకాయన పూర్తిగా వెనక్కి తిరిగి చూశాడు. నేను తోడు వెళ్లిన పెద్దావిడ నా మోచేతి మీద తట్టి, 'ఇక్కడ అలా అడగరు, లవ్' అంది. (ఈ ఊళ్లో బస్సు డ్రైవరు కూడా అందర్నీ లవ్ అనే అంటాడు, కంగారు పడకండి.) ఇంగ్లీషు వాళ్లకి ఇంగ్లీషు మాటే వింతగా వినపడటం ఏమిటో!

నేను కేర్ హోమ్‌లో పని చేస్తాను. ఆవిడకి ఎనభై దాటాయి, చక్రాల కుర్చీ, ఒపెరా పిచ్చి. ఆ ఆట వేసిన ఒపెరా నార్త్ కంపెనీ 1978లో లండన్ ఒపెరా కంపెనీకి శాఖగా మొదలై 1981లో వేరుపడింది, అప్పట్నుంచీ తప్పకుండా చూస్తున్నానంటుంది. చలి మొదలయ్యేటప్పుడు ఒక సీజను, మన సంక్రాంతి దాటాక ఇంకొకటి. లీడ్స్‌లో ఆడాక సెట్లు లారీలకెక్కించి న్యూకాజిల్, నాటింగ్‌హామ్, సాల్ఫర్డ్ తిరుగుతారు. అచ్చం మన సురభి వాళ్లలాగే అనిపించింది, కాకపోతే వీళ్ల కోరస్‌కీ ఆర్కెస్ట్రాకీ జీతాలుంటాయి, ప్రభుత్వం డబ్బిస్తుంది. 1885లో మొదలుపెట్టిన సురభి వాళ్లకి మనం ఏమిచ్చామో అనుకుంటే సిగ్గేసింది గానీ ఆ మాట ఆవిడతో అనలేదు.

నా మంట వేరే. తెనాలి దగ్గర మా ఊళ్లో శివరాత్రి జాగారానికి కురుక్షేత్రం వేస్తే, రాయబారంలో కృష్ణుడి పద్యం ఒక్కసారితో వదిలిపెట్టిన వాళ్లెవరు? వన్స్ మోర్ రాలేదంటే ఆ నటుడు చిన్నబుచ్చుకునేవాడు. నచ్చింది మళ్లీ పాడమనడం మర్యాద తక్కువా, కుదురుగా కూర్చుని నెమ్మదిగా చప్పట్లు కొట్టడం మర్యాదా? రెండ్రోజులు షిఫ్టులో దుప్పట్లు మారుస్తూ కూడా లోపల ఇదే వాదన.

మూడో రోజు ఆవిడ మంచం పక్కన సీజను బ్రోషరు కనపడింది. ఒక వారంలోనే ఇవాళ ఒక ఒపెరా, రేపు ఇంకొకటి, మళ్లీ మొదటిది. వరసగా ఒకటే ఆడితే సెట్టు మార్చే బాధ తప్పుతుంది కదా అన్నాను. 'మరి గొంతో?' అంది. అప్పుడు వెలిగింది. అక్కడ మైకుల్లేవు. ఆ కుర్రాడు స్టేజీ ముందు గోతిలో కూర్చున్న అంత పెద్ద ఆర్కెస్ట్రాని దాటించి చివరి వరసదాకా ఒట్టి గొంతు పంపాలి, అదీ నాలుగు అంకాలూ తనే. ఇవాళ పాడితే రేపు విశ్రాంతి కావాలి. అందుకే ఆ వంతులు. మన దగ్గర మైకు ఉంది, ఒకటో కృష్ణుడు అలిసిపోతే రెండో కృష్ణుడు వస్తాడు, హార్మోనియం ఆయన ఎంతసేపైనా ఆగుతాడు.

అయినా ఊరుకోబుద్ధి కాలేదు. మా వాళ్లు మైకు ముందు ఒకే పద్యం మూడుసార్లు పాడేవాళ్లు, తెల్లవారేదాకా, రాగం ప్రతిసారీ ఇంకాస్త సాగదీసి, అని గొప్పగా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, 'మర్నాడు పొద్దున ఎలా ఉండేవాడు ఆయన?' అంది.

మందుల ట్రే పట్టుకుని నిలబడిపోయాను. మర్నాడు పొద్దున, బస్టాండు టీకొట్టు దగ్గర, చెవుల వెనక నీలం రంగు ఇంకా పోకుండా, మెడకి తువ్వాలు చుట్టుకుని, కృష్ణుడు వేళ్లతో చూపించాడు: ఒకటి, చక్కెర వద్దు. కొట్టువాడికి అర్థం కాక 'ఏంటండీ?' అన్నాడు. ఆయన నోరు తెరిచాడు గానీ గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ వేళ్లతోనే చూపించాడు.