శనివారం ఆమ్లెట్: పాప రక్తహీనతతో నా అనుభవం

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. హిమోగ్లోబిన్ 11.4. ల్యాబ్ ముందు మెట్ల మీదే కూర్చుని ఆ ఒక్క అంకెను నాలుగుసార్లు చదువుకున్నాను. ఫిబ్రవరిలో ఇదే ల్యాబ్‌లో మా చిన్నికి 7.4 వచ్చింది. ఐదేళ్ల లోపు పిల్లలకు కనీసం 11 ఉండాలి. 7 కంటే తగ్గితే తీవ్రమైన రక్తహీనత అంటారు. ఫిబ్రవరిలో ఆ గీతకు మాకు మధ్య అర పాయింటు దూరం కూడా లేదు. ఈ నాలుగు నెలల్లో ఏం జరిగిందో మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను, ముఖ్యంగా వారానికి ఒకసారి ఇంటికి వెళ్లే నాలాంటి తండ్రుల కోసం.

నేను హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తాను. నా భార్య, పాప, అమ్మానాన్న సూర్యాపేట జిల్లాలోని మా ఊళ్లో ఉంటారు. శనివారం రాత్రికి ఊరు చేరి, సోమవారం తెల్లవారుజామున బస్సెక్కుతాను. ఇంట్లో బర్రె ఉంది, పాలకు కొదవ లేదు. చిన్ని బొద్దుగా కాకపోయినా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు చూసి చుట్టాలందరూ మురిసిపోయేవాళ్లు. అది రంగు కాదని, రక్తం లేక పాలిపోవడమని మాలో ఒక్కరికీ తట్టలేదు.

దీపావళికే నా భార్య ఫోన్‌లో చెప్పింది: "చిన్ని బలపాలు తింటోందండీ, గోడ సున్నం గీకి నాకుతోంది" అని. పిల్లలన్నాక మామూలే అని ఫోన్ పెట్టేశాను. మన్ను, బలపం, సున్నం తినాలనిపించడం ఐరన్ లోపానికి గుర్తు కావచ్చని అప్పటికి నాకు తెలియదు. కనిపెట్టింది మా ఊరి అంగన్‌వాడీ టీచర్. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేస్తూ పాప కింది కనురెప్ప లాగి చూసి, "అక్కా, ఎర్రగ లేదు, రక్తం పరీక్ష చేయించుండ్రి" అందట. ఆమె ఆ మాట అనకపోతే మేం ఇంకా ఆ తెలుపు చూసి మురుస్తూనే ఉండేవాళ్లం.

ల్యాబ్ పని పది నిమిషాల్లో అయిపోయింది.

తర్వాత టౌన్లో ఒక ప్రైవేటు పిల్లల ఆసుపత్రికి వెళ్లాం. రిపోర్టు చూడగానే అడ్మిషన్ రాసేశారు, రక్తం ఎక్కించాలన్నారు. ఒక్క ప్రశ్న అడగలేదు. కౌంటర్‌లో కూర్చున్నామె నా భార్యను చూసి, "ఇంత తగ్గేదాకా ఏం చేస్తున్నవమ్మా, తల్లివి కాదా?" అంది. పక్కనే నిలబడ్డ నన్ను మాత్రం ఏమీ అనలేదు. నేనూ నోరు మెదపలేదు. అడ్వాన్సు అడిగిన దగ్గర, పొద్దున వస్తామని చెప్పి బయటపడ్డాం. పిల్లల ఆరోగ్యం పాడైతే వేలు నేరుగా తల్లి వైపే వెళ్తుందని నాకు మొదటిసారి కళ్లారా కనిపించింది ఆ కౌంటర్ దగ్గరే. ఇంటికి వచ్చాక మా అమ్మ, మేనత్తలు కూడా అదే మాట అన్నారు: "పిల్లకు పెట్టుడు రాకపాయె."

మరునాడు ప్రభుత్వ ఆసుపత్రి ఓపీకి వెళ్లాం. రెండున్నర గంటల లైను. లోపల బల్ల మీద ఇంకో ముగ్గురు తల్లులు, వాళ్ల వెనక ఒక ముసలమ్మ. డాక్టరమ్మ పాప గోళ్లు, నాలుక చూసి, గుండె విని, ఆయాసం లేదు, ఆడుకుంటోంది కాబట్టి రక్తం ఎక్కించాల్సిన అవసరం లేదన్నారు. మాది మేనరికమా అని అడిగారు. కాదన్నాను. తలసీమియా, అంటే తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్త జబ్బు, ఉందేమో చూడటానికి ఇంకో పరీక్ష రాశారు. అది తర్వాత మామూలుగానే వచ్చింది. అప్పుడు పెన్ను పక్కన పెట్టి అడగడం మొదలుపెట్టారు, అదీ నన్ను.

"పాప రోజుకు ఎన్ని పాలు తాగుతుంది?"

"రెండు గ్లాసులు తాగుతుందేమో మేడం."

ఆమె నా భార్య వైపు చూశారు. "పగలు నాలుగు సీసాలు, రాత్రి నిద్రలో ఒకటి" అంది తను. సీసా ఎంతది అని అడిగితే 250 మిల్లీలీటర్లని చెప్పింది. అంటే లీటరుంపావు.

"అన్నం?"

"బాగానే తింటుంది మేడం." నేను ఉన్న ఆదివారాల్లో అందరూ చుట్టూ కూర్చుని తినిపించడమే నేను చూసింది. నా భార్య మెల్లగా చెప్పింది: "రెండు మూడు ముద్దలు మేడం. తర్వాత నోరు తెరవదు."

"చాయ్ తాగుతుందా?"

"లేదు మేడం" అన్నాను గట్టిగా. ఆ ఒక్కదానికైనా జవాబు తెలుసనుకున్నాను. నా భార్య తల దించుకుంది. "పొద్దున తాతతో సాసర్లో తాగుతుంది, బిస్కెట్ ముంచుకుని. సాయంత్రం కూడా."

"అంగన్‌వాడీ నుంచి నెలకు 16 గుడ్లు రావాలి కదా. వస్తున్నాయా?"

"వస్తున్నాయి మేడం."

"ఎవరు తింటున్నారు?"

నేను నా భార్య వైపు తిరిగాను. తను వెంటనే చెప్పలేదు. పాప జుట్టు సవరించింది. తర్వాత నా వైపు చూడకుండా, డాక్టరమ్మతో అంది: "చిన్నపిల్లకు గుడ్డు పెడితే మాటలు రావని అత్తమ్మ పెట్టనివ్వదు మేడం. ఈయన శనివారం వస్తారని దాచిపెడుతుంది. ఆమ్లెట్ అంటే ఈయనకు ఇష్టం."

వెనక ముసలమ్మ "అయ్యో" అంది. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదేమో. అరగంటకో రోగిని చూసే తీరిక లేని ఆ గదిలో ఆమె నా మొహం కేసి కొన్ని క్షణాలు అలా చూసి, చీటీ రాయడం మొదలుపెట్టారు. రెండేళ్లుగా ప్రతి శనివారం రాత్రి మా అమ్మ ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి రెండు గుడ్లతో వేడివేడిగా పెట్టేది. నా పక్కనే చిన్ని పాలసీసా పట్టుకుని కూర్చునేది. ఆ గుడ్లు ఎవరి పేరు మీద వస్తున్నాయని నేను ఎప్పుడూ అడగలేదు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చేయి వణుకుతోంది.

ఆ గుడ్లతో పాటు పిల్లల కోసం అంగన్‌వాడీ ఇచ్చే పోషకాహార పొడి, రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ సంగతి కూడా అప్పుడే బయటపడింది. పాపకు మొహం మొత్తిందని అందులో సగం బర్రె కుడితిలోకి వెళ్తోంది.

డాక్టరమ్మ ఆ తర్వాత చెప్పింది మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. పాలలో ఐరన్ చాలా తక్కువ. పైగా అన్ని పాలు తాగితే కడుపు నిండిపోయి పిల్లలు అన్నం ముట్టరు, తిన్న కాస్త తిండిలోని ఐరన్ కూడా సరిగా ఒంటపట్టదు. చాయ్ ఇంకా అడ్డుపడుతుంది. రోజుకు అరలీటరు మించొద్దు, సీసా అసలొద్దు, గ్లాసులోనే పట్టండి అన్నారు. పాప బరువు 9.4 కిలోలు. కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన ఐరన్ సిరప్ రాశారు. నిమ్మరసంతోనో జామపండు ముక్కతోనో ఇవ్వాలి, పాలకూ చాయ్‌కూ దూరంగా ఇవ్వాలి.

లేవబోతుంటే, "తల్లి రక్తం కూడా చూపించండి" అన్నారు. నా భార్యకు 8.1. పుట్టిన బిడ్డకు మొదటి ఆరు నెలలకు కావలసిన ఐరన్ నిల్వ కడుపులో ఉండగా తల్లి నుంచే వస్తుందట. తల్లికే లేకపోతే బిడ్డ తక్కువ నిల్వతో పుడుతుంది. మా ఇంట్లో అందరం తిన్నాక గిన్నెలో మిగిలింది నా భార్య తింటుంది. నేను పుట్టినప్పటి నుంచి మా అమ్మా అలాగే తింది. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉంది. ఆడవాళ్లలో సగానికి పైగా ఉంది. ఇంతమంది తల్లులకు పెట్టడం రాదా? కౌంటర్‌లో కూర్చున్నామెను నేను అడగాల్సిన మాట అది. అప్పుడు అడగలేదు.

ఇంటికొచ్చి పాలు తగ్గించాలని చెప్పగానే అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముగ్గురిని పెంచిన కొడుకా, నాకు చెప్తున్నవా? పాలు తాగే పిల్లకు రక్తం లేకపోవుడేంది?" అంది. అమ్మది ప్రేమే, అందులో అనుమానం లేదు. తన చిన్నప్పుడు పాలు దొరకని ఇంట్లో పెరిగింది. మనవరాలికి చిక్కటి పాలు సీసాల కొద్దీ పట్టడం ఆమెకు పెద్ద సంపద. అందుకే వాదించి గెలవలేం. నేను ఆ సోమవారం బస్సెక్కేశాను. అది రెండో తప్పు.

రోజూ రాత్రి ఫోన్ చేసి "మందు వేశావా?" అని అడిగేవాణ్ని. "వేశానండి" అనేది. నెల తర్వాత పరీక్ష చేయిస్తే 7.9. కనీసం ఒక పాయింటు పెరగాలి, ఎందుకు పెరగలేదని డాక్టరమ్మ అడిగారు. ఇంటికొచ్చి వెతికితే సిరప్ సీసా బియ్యం డ్రమ్ము వెనక దొరికింది. మందు మొదలుపెట్టిన వారానికి పాప నల్లగా దొడ్డికి వెళ్లిందట. ఐరన్ వాడితే అలాగే వస్తుంది, భయం లేదు. కానీ అమ్మకు ఎవరూ చెప్పలేదు. పేగులు మాడిపోతున్నాయని భయపడి దాచేసింది. నా భార్య నాతో అబద్ధం చెప్పింది. నిజం చెబితే నేను ఫోన్‌లో అమ్మను అరుస్తాను, మర్నాడు ఆ ఇంట్లో ఉండాల్సింది తను. నాకు కోపం రాలేదు. మూడు వారాల మందు పోయిందన్న బాధ మాత్రం వచ్చింది.

అప్పుడు పది రోజులు సెలవు పెట్టాను. మేనేజర్ మొహం ముడుచుకున్నాడు, ముడుచుకోనీ. అమ్మనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను. నల్లగా ఎందుకు వస్తుందో డాక్టరమ్మ ఆమెకే, ఆమె భాషలోనే చెప్పారు. బిడ్డకు ముద్ద పెట్టే మనిషి ఎవరో వాళ్లనే డాక్టరు ముందు కూర్చోబెట్టండి. మనం విని వచ్చి చెప్పిన మాటకు విలువ ఉండదు. ఇంకోటి, వెళ్లే ముందు రెండు రోజులు పాలు గ్లాసుతో కొలిచి రాసుకోండి. నాలాగా "తాగుతుందేమో" అనకండి.

సీసా మానిపించిన మూడు రాత్రులు పాప ఏడుస్తూనే ఉంది. నాలుగో రోజు మధ్యాహ్నం పప్పన్నం తానే అడిగింది. తర్వాత గుడ్డు, తోటకూర పప్పు, ఆదివారం మెత్తగా ఉడికిన మేక కార్జం. బీట్‌రూట్, దానిమ్మ తాగిస్తే చాలని చెప్పిన చుట్టాలకు లెక్కలేదు. తినడం మంచిదే, కానీ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం రాదు. మందు మానేసి ఆ రసాలు నమ్ముకోకండి.

ఏప్రిల్ చివర 9.6. నిన్న 11.4. సున్నం గోడ దగ్గరికి వెళ్లడం మానేసి నెల దాటింది. ఒంట్లో నిల్వలు నిండాలి కాబట్టి ఇంకో రెండు మూడు నెలలు సిరప్ వాడాలట. నాన్న మాత్రం ఇంకా చాటుగా సాసర్లో చాయ్ పోస్తున్నాడు. చిన్నిదగ్గర వాసన వస్తే తెలిసిపోతుంది.

నా భార్యకు నిన్న 9.3. తనది ఇంకా 12కి రావాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటే వికారంగా ఉందని మధ్యలో మానేసిందని నిన్ననే చెప్పింది. గురువారం తనను డాక్టర్‌కు చూపించాలి. సెలవు అడిగాను, ఇచ్చారు.