బుధవారం, ఎకో గదిలో ఇద్దరు పసికందులు

ఉదయం ఎనిమిదింటికి ఎకో గది (అల్ట్రాసౌండ్‌తో గుండెను చూసే గది) తెరవగానే జెల్ సీసాలను వేడినీళ్ళ గిన్నెలో పెట్టడం నాకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. పెద్దవాళ్ళయితే చల్లని జెల్‌ను ఓర్చుకుంటారు. పసిబిడ్డ ఛాతీ మీద అది తగిలితే నిద్ర చెదిరిపోతుంది, నిమిషానికి 130 సార్లు కొట్టుకునే గుండె 180కి చేరుతుంది, అప్పుడు తీసిన కొలతను నమ్మడానికి వీలుండదు. అందుకే వీలైనంతవరకు తల్లి ఒడిలోనే, పాలు తాగి కునుకు పట్టిన సమయంలోనే పరీక్ష చేస్తాను. నిద్రమందు చాలామంది పిల్లలకు క్షేమమే అయినా, గుండె బలహీనంగా ఉందని అనుమానం కలిగిన పిల్లలకు దాన్ని ఇవ్వడానికి నా చెయ్యి ముందుకు రాదు.

ఈ రోజు మొదట వచ్చినది ములుగు వైపు నుంచి వచ్చిన ఎనిమిది నెలల బాబు. వాణ్ణి మొదటిసారి చూసి ఐదు నెలలయింది. అప్పుడు వాడికి మూడు నెలలు. రాత్రివేళ చేతులూ కాళ్ళూ కొయ్యబారిపోయి ఫిట్స్ వచ్చాయని, ఆపైన డొక్కలు ఎగరేస్తున్నాడని తీసుకువచ్చారు. "రెండు గుటకలు తాగి ఇడిచిపెడుతున్నడు మేడమ్, నొసలంత చెమట" అని వాళ్ళ నానమ్మ చెప్పిన మాట నాకింకా గుర్తుంది. పాలు తాగడమే ఆ వయసు బిడ్డ చేసే కష్టమైన పని. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా అని పెద్దవాళ్ళను అడుగుతాం. పసివాళ్ళ విషయంలో ఆ ప్రశ్నకు బదులు పాలు ఎంతసేపు తాగుతున్నారు, మధ్యలో ఎన్నిసార్లు ఆగుతున్నారు అని అడగాలి. ఆ నానమ్మ నేను అడగకముందే సగం రోగాన్ని చెప్పేసింది.

ఆ రోజు వాడి ఎడమ జఠరిక, అంటే శరీరానికి రక్తాన్ని పంపే గుండె గది, నిండినప్పుడు 33 మిల్లీమీటర్లు, ముడుచుకున్నప్పుడు 29 మిల్లీమీటర్లు ఉంది. అంటే కండరం తన వెడల్పులో 12 శాతమే ముడుచుకుంటోంది. ఆరోగ్యంగా ఉన్న గుండెలో అది 28 శాతానికి తగ్గకూడదు. 33 మిల్లీమీటర్లన్నది పెద్దవాళ్ళ గుండెకు చిన్న కొలతే, కానీ ఐదు కిలోల బిడ్డకు 21 దగ్గర ఉండవలసినది 33 అయిందంటే గుండె ఎంతగా సాగిపోయిందో ఊహించుకోవచ్చు. అందుకే పిల్లల ఎకోలో ఏ కొలతనూ శరీర పరిమాణంతో పోల్చకుండా రాయకూడదని, జడ్-స్కోరు (ఆ శరీర పరిమాణానికి ఉండవలసిన కొలత నుంచి ఎంత దూరంలో ఉందో చెప్పే అంకె) లేని నివేదిక సగం నివేదికేనని నా దగ్గర చదువుకునే పీజీ విద్యార్థులకు పదే పదే చెబుతుంటాను.

ఆ బిడ్డ రక్తంలో కాల్షియం 9 దగ్గర ఉండవలసింది 5.8 మాత్రమే ఉంది. తల్లికి విటమిన్ డి లోపం. తల్లిపాలలో ఆ విటమిన్ ఎలాగూ తక్కువే ఉంటుంది. ప్రసవం తరువాత తల్లినీ బిడ్డనూ మూడు నెలల దాకా తలుపులు వేసిన గదిలోనే ఉంచారు, రోజూ వేయవలసిన 400 యూనిట్ల విటమిన్ డి చుక్కల గురించి వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. బాలింతకు చలిగాలి సోకకుండా చెవుల్లో దూది పెట్టి కాపాడుకున్న ఆ ఇంటివాళ్ళ ప్రేమలో లోపమేమీ లేదు. ఆ చుక్కల సంగతి వాళ్ళ చెవిన వేయవలసింది మేమే. గుండె కండరం ముడుచుకోవాలంటే కాల్షియం కావాలి. అది పడిపోతే గుండె సాగిపోతుంది, తిరిగి సమకూరితే చాలావరకు కోలుకుంటుంది. మానిటర్ మీద కన్నువేసి నెమ్మదిగా కాల్షియం ఎక్కించాం, తల్లికీ బిడ్డకూ విటమిన్ డి ఇచ్చాం. ఈ రోజు వాడి కొలతలు 26, 18. అంటే 31 శాతం. వాడు పరీక్ష జరిగినంతసేపూ ప్రోబ్ తీగను పట్టుకుని లాగుతూనే ఉన్నాడు, నేను రెండుసార్లు కొలిచి, నమ్మకం కోసం మూడోసారి కూడా కొలిచాను.

తరువాత నవజాత శిశువుల విభాగానికి వెళ్ళి 900 గ్రాముల బిడ్డను ఇంక్యుబేటర్‌లోనే చూశాను. ఆ బిడ్డ ఛాతీ మీద 12 మెగాహెర్ట్జ్ ప్రోబ్ పెడితే పక్కన వేలు ఆనించడానికి కూడా చోటు మిగలదు. నెలలు నిండకుండా పుట్టడం వల్ల మూసుకోకుండా ఉండిపోయిన డక్టస్ (గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద ధమనులను కలిపే నాళం) 2 మిల్లీమీటర్లు ఉంది; ఎడమ కర్ణిక కూడా పెద్దదయింది కాబట్టి మందు మొదలుపెట్టమని రాశాను. వేలెడంత ఛాతీలో మిల్లీమీటర్లను కొలుస్తున్నప్పుడు, ఈ విద్య ఎక్కడి నుంచి వచ్చిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగె ఎడ్లర్ అనే వైద్యుడు, హెల్‌ముత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి, లోహంలో పగుళ్ళను వెతకడానికి పరిశ్రమల్లో వాడే యంత్రాన్ని అడిగి తెచ్చుకుని మనిషి గుండె మీద పెట్టి, కదిలే గుండె ప్రతిధ్వనిని మొదటిసారిగా నమోదు చేశారు.

మధ్యాహ్నం రెండున్నరకు మహబూబాబాద్ జిల్లా నుంచి పది వారాల పాప వచ్చింది. నెమ్ము అనుకుని మందులు వాడారు, తగ్గలేదు. ఎక్స్‌రేలో గుండె పెద్దదిగా కనిపించడంతో ఇక్కడికి పంపారు. పాలు తాగుతూ ఉన్నట్టుండి ముఖం పాలిపోయి, ఎవరో గిల్లినట్టు ఏడుస్తుందని తల్లి చెప్పింది. కొలతలు 32, 28.5. అంటే 11 శాతం. పక్కనున్న పీజీ అమ్మాయి పొద్దుటి బాబును కూడా చూసింది కాబట్టి, "ఇదీ విటమిన్ డి కేసే అయి ఉంటుందా మేడమ్?" అని అడిగింది. అడగడంలో తప్పు లేదు, కొలతలు చూస్తే ఇద్దరూ కవలల్లా ఉన్నారు. కానీ పాప కాల్షియం సరిగ్గా ఉంది.

ఇటువంటి చోట నాకు పాత బాధ ఒకటి కదులుతుంది. చాలా ఏళ్ళ కిందట, నేను ఈ పనిలో కొత్తగా ఉన్న రోజుల్లో, ఇలాగే సాగిపోయిన గుండెతో వచ్చిన ఒక బిడ్డకు "డైలేటెడ్ కార్డియోమయోపతి" (సాగిపోయి బలహీనపడిన గుండె కండరం) అని రాసి మందులిచ్చి పంపాను. గుండె కండరానికే రక్తం అందించే ఎడమ కరొనరీ ధమని, ఉండవలసినట్టే మహాధమని నుంచి వస్తున్నట్టు తెర మీద కనిపించింది, అంతటితో తృప్తిపడ్డాను. రక్తం ఎటు పారుతోందో చూడలేదు. రెండు నెలల తరువాత మరోచోట అసలు సంగతి బయటపడింది, అప్పటికే గుండె కండరం చాలా దెబ్బతిన్నది. నేను రాసినది రోగానికి పెట్టిన పేరే కానీ దాని కారణం కాదని ఆ రోజు తెలుసుకున్నాను. అప్పటి నుంచి, బలహీనమైన పసిగుండె ఏది కనిపించినా, మహాధమని వంపు సన్నబడిందా, గుండె లయ తప్పి పరుగెడుతోందా, కాల్షియం పడిపోయిందా, కరొనరీలు సరైన చోట పుట్టాయా అన్నవి చూడకుండా ఆ పేరు రాయను. ఇవన్నీ బాగుచేయగలిగిన కారణాలు. వెతకనివాడికి అవి కనబడవు.

పాప మహాధమని వంపు బాగానే ఉంది. మిట్రల్ కవాటం నుంచి రక్తం వెనక్కి కారుతోంది, ఆ కవాటాన్ని పట్టి ఉంచే కండరాలు తెల్లగా మెరుస్తున్నాయి. రక్తం అందక మచ్చపడిన కండరం అలా మెరుస్తుంది. కుడి కరొనరీ ఉండవలసిన దానికన్నా లావుగా ఉంది. ఎడమది, ఆ పాత బిడ్డలో లాగే, మహాధమనికి అతుక్కుని ఉన్నట్టే కనిపించింది. రెండు గోడలు పక్కపక్కన ఉన్నచోట అల్ట్రాసౌండ్ మనల్ని అలా మోసం చేయగలదు. రక్తం పారే దిశను రంగుల్లో చూపే డాప్లర్ వేగపరిమితిని బాగా తగ్గించి, చిత్రం వెడల్పును కుదించి, పాప ఊపిరి నిదానించే దాకా ఆగి చూశాను. మహాధమని వైపు నుంచి కండరంలోకి పారవలసిన రక్తం ఎదురు దిశలో పారుతోంది. దాని వెంటే వెళితే ఊపిరితిత్తులకు వెళ్ళే పుపుస ధమనిలోకి సన్నని ధారగా దిగుతోంది. ఎడమ కరొనరీ పుపుస ధమని నుంచి పుట్టింది.

పాప తండ్రి "గుండెకు రంధ్రమా మేడమ్?" అని అడిగాడు. మన దగ్గర పిల్లల గుండెజబ్బు అంటే అందరికీ ముందు తోచేది రంధ్రమే. వాళ్ళది వ్యవసాయ కుటుంబం కాబట్టి నీళ్ళ భాషలోనే చెప్పాను: చెరువు తూము నుంచి పారవలసిన కాలువ పల్లంలోని వాగుకు కలిసింది, అందుచేత పొలానికి చెరువు నీళ్ళు రాకపోగా, పక్క కాలువ నుంచి వచ్చిన కొద్దిపాటి నీళ్ళు కూడా వాగులోకి జారిపోతున్నాయి. పుట్టినప్పుడు ఎందుకు బాగుందని అతను అడిగాడు. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల వైపు పీడనం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వాగు నిండుగా ఉన్నట్టే. వారాలు గడిచేకొద్దీ ఆ పీడనం తగ్గి, నీళ్ళు అటు జారడం మొదలవుతుందని చెప్పాను. అతనికి అర్థమైంది. "కాలువ మార్చి కడతరా?" అన్నాడు. అవును, సరిగ్గా అదే చేస్తారు. ధమనిని అక్కడి నుంచి వేరుచేసి మహాధమనికి కుడతారు. సకాలంలో చేస్తే సాగిపోయిన గుండె నెలల్లో తిరిగి బలం పుంజుకోవడం నేను చాలామంది పిల్లల్లో చూశాను. చేసేది పెద్ద ఆపరేషన్ అనీ, ప్రమాదం ఉందనీ కూడా దాచకుండా చెప్పాను.

హైదరాబాద్‌లోని సర్జన్‌కు వీడియో క్లిప్పులు పంపితే అరగంటలో ఫోన్ చేసి రమ్మన్నారు. ఆరోగ్యశ్రీ కాగితాలు సిద్ధం చేయడానికి సాయంత్రం ఐదయింది. ఉత్తరంలో కొలతలన్నీ రాసి, చివర ఒక వాక్యం కింద రెండు గీతలు గీశాను: దారిలో ఆక్సిజన్ అవసరానికి మించి ఇవ్వవద్దు. ఆయాసపడే బిడ్డను చూస్తే ఎవరికైనా ఆక్సిజన్ పెంచాలనే అనిపిస్తుంది, కానీ అది ఊపిరితిత్తుల పీడనాన్ని ఇంకా తగ్గించి, గుండెకు దక్కవలసిన రక్తాన్ని మరింతగా అటు లాగేస్తుంది. అంబులెన్సులో కూర్చునే సిబ్బందికి కూడా ఈ మాట విడిగా చెప్పాను. వరంగల్ నుంచి దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం.

ఇప్పుడు రాత్రి పదిన్నర. చేరామని పాప తండ్రి ఫోన్ చేశాడు, అక్కడ మళ్ళీ ఎకో తీస్తున్నారట. "మీరు జూసిందే వాళ్ళు గూడ జూసిండ్రు మేడమ్" అన్నాడు. పాప పాలు తాగిందా అని అడిగితే, కొంచెం తాగి పడుకుందని చెప్పాడు.