పిండిమర మోత ఆగింది: నా అనుభవం

పిండిమరలా మోగే నా కంప్యూటర్ ఫ్యాన్‌ని నేనే బాగుచేసుకున్నాను, మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆ పని పూర్తయింది. కంప్యూటర్ లోపల పూసే బూడిదరంగు పేస్టు వేళ్ళకంటింది, ఆ మరక ఇంకా పూర్తిగా వదల్లేదు. మరిచిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మాది అంబాజీపేట పక్క ఊరు. మా ఆయన మస్కట్‌లో ఉంటారు. నేను ఇంట్లోనే ఉండి నలుగురు కొబ్బరి వ్యాపారులకి ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. కంప్యూటర్ 2012లో కొన్నది. ఐ3 2100 ప్రాసెసర్ (కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్పు), హెచ్61 బోర్డు (అన్ని భాగాలూ బిగించే మదర్‌బోర్డు). మధ్యలో హార్డ్‌డిస్కు కంటే వేగమైన ఎస్‌ఎస్‌డీ వేయించాను కాబట్టి నా పనికి అది ఇప్పటికీ చాలు. మోత ఒక్కటే బాధ. సంక్రాంతి వెళ్ళాక సన్నగా మొదలై, మార్చికల్లా పిండిమర ఆడినట్టు తయారైంది. కంప్యూటర్ ఉన్న గదిలోనే అత్తయ్య పడుకుంటారు. మొదట్లో "ఏమే అమ్మాయ్, ఇంకా ఎంతసేపు?" అనేవారు. తర్వాత అడగడం మానేసి, చెవి మీద దిండు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. అది చూశాక నాకు ప్రాణం చివుక్కుమంది.

మోత ఎక్కడిదో తెలుసుకోవడం తేలికే. పక్క తలుపు విప్పి, పెన్సిల్ వెనక రబ్బరుతో ప్రాసెసర్ ఫ్యాన్ మధ్యభాగాన్ని రెండు సెకన్లు మెల్లగా ఆపాను. మోత ఆగింది. వదిలాను, మళ్ళీ మొదలైంది. అంటే కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ది కాదు, దీనిదే.

అప్పటికి నాకు ధైర్యం లేదు. పాత దుప్పటిలో సీపీయూ చుట్టుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని టౌన్‌లో షాపుకి తీసుకెళ్ళాను. ఏ షాపో రాయను. కౌంటర్ దగ్గర కుర్రాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. దుప్పటి విప్పగానే షాపాయన "ఇంకా దీన్ని వాడుతున్నారా అమ్మా? కాటాకి వెయ్యండి" అన్నాడు. ఆ వెంటనే "ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా, ఇంత బరువు మీరే మోసుకొచ్చారు?" అన్నాడు. కుర్రాళ్ళు నవ్వారు. సర్వీసుకి 600 తీసుకుని సాయంత్రం ఇచ్చాడు. "పేస్టు కూడా మార్చాం, ఇంక చూస్కోక్కర్లేదు" అన్నాడు. ప్రాసెసర్ మీద కూలర్ ఉంటుంది, అంటే అల్యూమినియం రేకుల దిమ్మ, దాని మీద ఫ్యాన్. ప్రాసెసర్ వేడి కూలర్‌కి ఎక్కడానికి మధ్యలో పూసేదే ఆ పేస్టు.

ఇంటికొచ్చి స్విచ్ వేస్తే మోత ఇంకా పెరిగింది. పైగా ట్యాలీలో రిపోర్టు తీస్తుంటే టప్‌మని ఆగిపోవడం కొత్తగా మొదలైంది. ఆ రోజు పదో తారీఖు. నెలవారీ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1కి పదకొండు ఆఖరు. నలుగురిలో ఇద్దరివి ఇంకా వెయ్యాలి. టెన్షన్‌తో అన్నం తినలేదు. రాత్రికి రాత్రి మా మరిది కొడుకు లాప్‌టాప్ అడిగి తెచ్చుకుని, తెల్లవారేదాకా కూర్చుని వేశాను.

మర్నాడు మళ్ళీ అదే దుప్పటి, అదే ఆటో. ఈసారి ఆయన మూత కూడా విప్పలేదు. "మీరే ఏదో కెలికుంటారు. ఆడవాళ్ళు తుడుస్తామని తడిగుడ్డ పెట్టేస్తారు" అన్నాడు. నేను ముట్టుకోలేదని చెప్పాను. వినలేదు. "బోర్డు పోయింది. 28 వేలకి కొత్తది ఇస్తాను, దీన్ని వదిలెయ్యండి" అన్నాడు. పదిమందిలో నా నోరు పెగల్లేదు. నేను రాసే లెక్కల్లో రూపాయి తేడా వస్తే ఆ రూపాయి దొరికేదాకా నిద్రపోను. అలాంటి నన్ను పట్టుకుని, చూడకుండానే తప్పు నాదనేశాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇల్లు చేరేలోపే ఒకటి అనుకున్నాను. పాడైతే నా చేతుల్లోనే పాడవనీ, ఆ గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కను.

మా సెంటర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడున్నాడు. నన్ను అక్కా అంటాడు. "కూలర్ ఊడదీసి చూడక్కా, భయమేం లేదు. ప్రాసెసర్‌ని బోర్డు మీద ఇనుప ఫ్రేమ్ బిగించి ఉంచుతుంది, కూలర్‌తో పాటు ఊడిరాదు" అన్నాడు. పేస్టు తుడవడానికి చిన్న సీసాలో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసిచ్చి డబ్బులు తీసుకోలేదు. షాపు పెద్దదైతే పనితనం పెద్దదని అనుకునేవాళ్ళు ఈ అబ్బాయిని చూడాలి.

పది నిమిషాలు కంప్యూటర్ ఆడించి ఆపాను, లోపల పేస్టు కాస్త మెత్తబడుతుందని. కరెంటు వైరు తీసేసి, ప్రతి వైరూ ఎక్కడుందో ఫోన్‌లో ఫొటోలు తీసుకుని విప్పడం మొదలుపెట్టాను. కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు నల్ల పిన్నులుంటాయి. మూడు గట్టిగానే ఉన్నాయి. నాలుగోది వేలితో తాకితే ఊగింది. దాని కింద తెల్ల ప్లాస్టిక్ గోరు విరిగిపోయి ఉంది. అంటే కూలర్ ఒక మూల పైకి లేచి, ప్రాసెసర్‌కి సరిగా ఆనడం లేదు. వేడి పైకి ఎక్కకపోతే బోర్డు ఏం చేస్తుంది? ప్రాసెసర్ కాలిపోతోందని ఫ్యాన్‌ని ఫుల్ స్పీడ్‌లో తిప్పుతుంది. అదీ చాలకపోతే మొత్తం ఆపేస్తుంది. పోయిందన్న బోర్డే పాపం ఆ ప్రాసెసర్‌ని కాపాడుతూ వచ్చింది.

కూలర్ ఎత్తి చూస్తే ఎండిన పాత పేస్టు మీదే కొత్త తెల్ల పేస్టు పూసి ఉంది. తుడవనుకూడా లేదు. ఫ్యాన్ ఊడదీస్తే, దానికీ అల్యూమినియం రేకులకీ మధ్య గోధుమరంగు దుమ్ము చాపముక్కలా అట్టకట్టి ఉంది. వేలితో పట్టుకుని లాగితే ఒకే ముక్కగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే డొక్కల వాసన. మా వీధి చివర పీచు ఆడే మిల్లుంది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక వచ్చే పొట్టు తేలికగా గాలికి లేస్తుంది. మా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఎక్కడ పడితే అక్కడ అంటుకుపోతుంది. పై నుంచి బ్లోయర్ కొడితే అది పోదు. ఫ్యాన్ తీసి కింద నుంచి పాత టూత్‌బ్రష్ పెట్టాల్సిందే. బ్లోయర్ వాడేవాళ్ళు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకుని కొట్టండి. గాలికి గిర్రున తిరగనిస్తే బేరింగ్ దెబ్బతింటుంది.

విరిగిన పిన్నుకి షాపులో అయితే కొత్త కూలరే కొనమంటారు. అక్కర్లేదు. ఆ పిన్నులు విడిగా, నాలుగు కలిపి ఒక ప్యాకెట్‌గా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. సెల్‌ఫోన్ కుర్రాడే ఆర్డర్ పెట్టాడు, 120 రూపాయలు. కూలరే మార్చాల్సి వస్తే మాత్రం స్కేలు పెట్టి కొలవండి. నా బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు) 1155 రకం, పిన్నులు దిగే కన్నానికీ కన్నానికీ మధ్య 75 మిల్లీమీటర్లు. అంతకుముందు వచ్చిన 775 సాకెట్‌కి 72, తర్వాత వచ్చిన 1700కి 78. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకదానిది ఒకదానికి పట్టదు.

అసలు పరీక్ష బిగించేటప్పుడు వచ్చింది. శనివారం సాయంత్రం మూడు గంటలు దానితోనే సరిపోయింది. పిన్ను తల మీద బాణం గుర్తుంటుంది. బాణం వైపు తిప్పితే బిగుస్తుందనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు. నాలుగూ అటే తిప్పి ఒత్తాను. ఒకటి దిగితే ఎదురుగా ఉన్నది పైకి లేచిపోతుంది. దాన్ని ఒత్తితే ఇది లేస్తుంది. బోర్డు విల్లులా వంగుతుంటే నా గుండె ఆగినంత పనైంది. బొటనవేళ్ళు ఎర్రగా కందిపోయాయి. బల్ల మీద పెట్టిన ఫోన్‌లోంచి మా ఆయన "పోనీలే, కొత్తది కొనుక్కుందాం" అంటున్నారు. ఆ మాటకి నాకు షాపాయన మొహమే కనిపించింది. ఫోన్ పెట్టేశాను.

అప్పుడు ప్యాకెట్‌లో మిగిలిన పిన్ను ఒకటి చేతిలోకి తీసుకుని దీపం దగ్గర పెట్టి చూశాను. తెల్ల గొట్టానికి చివర రెండు గోళ్ళు ఉన్నాయి. నల్ల పిన్ను లోపలికి దిగితే ఆ గోళ్ళు విచ్చుకుని బోర్డు కింద పట్టుకుంటాయి. నల్ల పిన్నుని బాణం వైపు పావు చుట్టు తిప్పితే అది వదులై పైకి వచ్చేస్తోంది. వెనక్కి తిప్పి ఒత్తితే టక్‌మని నిలబడిపోతోంది. బాణం విప్పడానికట! బిగించడానికి దానికి ఎదురు వైపు. చీటీ మీద ఒక్క ముక్క రాసి పెడితే ఆ కంపెనీ సొమ్మేం పోయింది?

ఆదివారం పొద్దున్నే బోర్డుని క్యాబినెట్‌లోంచి పూర్తిగా బయటికి తీశాను. రెండు లెడ్జర్ పుస్తకాల మీద వంతెనలా పెట్టాను, కింద గోళ్ళు దిగడానికి చోటుండాలని. పాత పేస్టంతా ఆల్కహాల్‌తో తుడిచి, ప్రాసెసర్ మధ్యలో పెసరగింజంత కొత్త పేస్టు పెట్టాను. పులమక్కర్లేదు, కూలర్ ఒత్తిడికి అదే పరుచుకుంటుంది. నాలుగు పిన్నుల్నీ బాణానికి ఎదురు తిప్పి పెట్టి, ఎదురెదురు మూలలు రెండేసి ఒకేసారి ఒత్తాను. టక్, టక్. మిగతా రెండు, టక్, టక్. బోర్డు తిరగేసి చూస్తే నాలుగు కన్నాల్లోనూ తెల్ల గోళ్ళ మధ్య నల్ల మొన కనిపించింది. ఆ నాలుగు మొనలూ కంటితో చూసేదాకా క్యాబినెట్‌లో బిగించకండి.

స్విచ్ వేస్తే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని వచ్చింది. ఫ్యాన్ వైరు పెట్టడం మరిచాను, పెట్టగానే పోయింది. డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి (కంప్యూటర్ మొదటి సెట్టింగుల్లోకి) వెళ్ళి, వేడిని బట్టి వేగం మార్చే ఫ్యాన్ కంట్రోల్ ఆన్‌లో ఉందని చూసుకున్నాను. పేర్లు ఒక్కో బోర్డులో ఒక్కోలా ఉంటాయి, స్మార్ట్ ఫ్యాన్ అనో క్యూ ఫ్యాన్ అనో వెతకండి.

పక్కింటి మావయ్యగారు ఫ్యాన్‌లో కొబ్బరినూనె చుక్క వెయ్యమన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. 24 డిగ్రీల లోపుకి వస్తే కొబ్బరినూనె పేరుకుంటుంది. పుష్యమాసంలో మన ఇంట్లో సీసా చూడలేదా? దానికి దుమ్ము తోడైతే బేరింగ్ జిగురుపట్టేస్తుంది.

ఖాళీగా ఉన్నప్పుడు 71 డిగ్రీలు చూపించేది, ఇప్పుడు 44. ఫ్యాన్ నిమిషానికి 2,400 చుట్లు తిరిగేది, ఇప్పుడు 1,100 దగ్గర ఉంటోంది. ట్యాలీలో సంవత్సరం రిపోర్టు మొత్తం తీసినా 60 దాటలేదు. ఇది చేసింది నేను, నా రెండు చేతులతో. సీపీయూని నేల మీద నుంచి తీసి పీట మీద పెట్టి, కిటికీకి దూరంగా జరిపాను. దసరాకి ముందు ఒకసారి, సంక్రాంతికి ఒకసారి విప్పి దులపాలని క్యాలెండర్ మీద రాసుకున్నాను.

ఈ సంగతి విని మా వీధిలో టీచరుగారు తమ కంప్యూటర్ కూడా అలాగే మోగుతోందని అడిగారు. వచ్చే ఆదివారం వస్తానన్నాను. పేస్టు సగం ఉంది, పిన్నులు ఇంకా మూడున్నాయి.