ఘాజీ ఎలా మునిగింది?

మంగళవారం.

ఈ రోజు తొమ్మిదో తరగతి ప్రాజెక్టు పీరియడ్ మా లైబ్రరీలోనే. డిసెంబరు 4న నేవీ డే కదా, అంశాలన్నీ సముద్రం చుట్టూనే: కురుసుర జలాంతర్గామి మ్యూజియం, డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్, 1971 యుద్ధం. సగం మంది కంప్యూటర్‌లో మొదట కనబడింది చార్టు మీదికి ఎక్కించేసి, బొమ్మలకు రంగులు వేసే పనిలో పడ్డారు. వాళ్ల గురించి రాయడానికేమీ లేదు.

ఆ యుద్ధంలో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని అంశంగా తీసుకున్న అమ్మాయి మాత్రం కాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చింది. ‘మేడమ్, టాపిక్ మార్చుకోవచ్చా?’ అంది. ఎందుకంటే నోట్సు చూపించింది. ఎడమ పేజీలో, మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలకు (నీటి లోపల పేలే బాంబులకు) మునిగిందని. కుడి పేజీలో, తాను వేసిన మైన్లకో లోపల జరిగిన పేలుడుకో మునిగిందని. కుడివైపు రాతను పెద్ద ఇంటూతో కొట్టేసి, ఆ ఇంటూను మళ్లీ రబ్బరుతో చెరిపింది. ఆ మరక చూస్తే ముచ్చటేసింది.

మా గోడ మీద బిగ్ సిక్స్ చార్టు ఉంది, సమాచారం వెతికి వాడుకునే పద్ధతి అది. ఐసెన్‌బర్గ్, బెర్కోవిట్జ్ 1990లో పుస్తకంగా తెచ్చిన ఆరు మెట్లు: పనేమిటో తేల్చుకోవడం, ఎక్కడ వెతకాలో ఆలోచించడం, వెతికి పట్టుకోవడం, కావలసింది తీసుకోవడం, కూర్చడం, చివరికి ఎలా వచ్చిందో చూసుకోవడం. టైమ్‌టేబుల్ వేసుకోవడానికి బాగా పనికొస్తుంది. ఏ వారం ఏ మెట్టో లెక్క తేలుతుంది కాబట్టి హెడ్మాస్టరుగారికీ అదంటేనే ఇష్టం. కానీ నాలుగో మెట్టు మీద ఏడుపు ముఖంతో నిలబడ్డ పిల్లకు అదేం చెబుతుంది?

చెప్పేది కరోల్ కుల్తావ్. తానూ హైస్కూల్ లైబ్రేరియన్‌గా పనిచేసినావిడే. 1980లలో విద్యార్థుల చేత వెతుకులాట పొడవునా డైరీలు రాయించి, వాళ్ల మనసు ఎలా మారుతుందో గమనించింది. అంశం ఎంచుకున్నప్పటి హుషారు చదవడం మొదలెట్టగానే సన్నగిల్లుతుంది. పొసగని సంగతులు ఎదురై గందరగోళం పెరుగుతుంది. తమదైన కోణం దొరికాకే తెరిపి. పెద్దవాళ్లు సాయపడవలసింది ఆ మధ్యలోనే. మనమేమో సరిగ్గా అప్పుడే ‘తొందరగా కానివ్వు’ అంటాం.

టాపిక్ మార్చనివ్వలేదు. ‘ఏ మాట ఎవరిది?’ అని అడిగాను. పేజీలు అటూ ఇటూ తిప్పి, ‘ఇది మన నేవీది, అది పాకిస్తాన్‌ది’ అంది. ‘మరి ఇద్దరూ ఒప్పుకునేవి?’ అంటే వేళ్లు మడిచింది: మన విమాన వాహక నౌక విక్రాంత్ కోసం వచ్చింది, మన తీరం దగ్గరే మునిగింది, ఎవరూ బతకలేదు. బెల్లు కొట్టేసరికి నోట్సులో పై వరుస మారింది: ‘ఘాజీ మునగడం గురించి ఎవరేమంటారు, ఎందుకంటారు?’

స్టాఫ్‌రూమ్‌లో సోషల్ మాస్టారు, ‘ఇంతకీ ఏ జవాబుకు మార్కులు వేయమంటారు?’ అని నిలదీశారు. ఏ మాట ఎవరిదో చెప్పిన పిల్లకు వేయమన్నాను. ఒప్పుకోలేదు, ఆలోచిస్తానన్నారు. శనివారం పౌర గ్రంథాలయానికి వెళ్లి, 1971 డిసెంబరు నాటి పత్రికలు దొరుకుతాయేమో అడగాలి.