విండోస్ లేకుండానే బయోస్ అప్‌డేట్: నా అనుభవం

నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) ఒక్కటే. కొన్నప్పుడు వచ్చిన విండోస్‌ను ఎప్పుడో తీసేశాను. ఈ మధ్య మూత మూసి మళ్ళీ తెరిస్తే స్క్రీన్ నల్లగానే ఉండిపోతోంది. కొత్త బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్) ఇది సరిచేశామని కంపెనీ సైట్‌లో ఉంది గానీ, అక్కడ పెట్టింది విండోస్‌లో నడిచే ఈఎక్స్‌ఈ ఫైలు. విశాఖ డాబాగార్డెన్స్‌లో ఓ షాపులో అడిగితే, "విండోస్ వేయాల్సిందే సార్, లేకపోతే అవదు" అన్నారు. నాకు మనసొప్పలేదు. బయోస్ ఉండేది మదర్‌బోర్డు మీది చిప్‌లో. డిస్క్‌లో ఏ ఓఎస్ ఉంటే దానికేంటి?

లినక్స్‌లో ఈ పనికోసం ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ అనే టూల్ ఉంది. 2015లో రిచర్డ్ హ్యూస్ మొదలుపెట్టిన ఎల్‌వీఎఫ్‌ఎస్ (లినక్స్ వెండర్ ఫర్మ్‌వేర్ సర్వీస్) నుంచి ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లాంటి చిప్‌లో ఉండే సాఫ్ట్‌వేర్, తెచ్చుకుంటుంది. అక్కడ ఫైళ్ళు పెట్టేది తయారీ కంపెనీలే, కాబట్టి నమ్మొచ్చు.

టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండో) రిఫ్రెష్ చేసి, గెట్-అప్‌డేట్స్ కొడితే బయోస్ ఊసే లేదు. పైన పసుపు రంగులో ఒక హెచ్చరిక మాత్రం వచ్చింది: ఫర్మ్‌వేర్ సెటప్‌లో యూఈఎఫ్‌ఐ క్యాప్సూల్ అప్‌డేట్ (ఓఎస్ నుంచి బయోస్‌కు కొత్త ఫైలు అందించే పద్ధతి) ఆపి ఉందని. రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి వెళ్ళి వెతికితే సెక్యూరిటీ మెనూలో ఆ ఆప్షన్ దొరికింది. ఆన్ చేశాక కొత్త వెర్షన్ కనిపించింది.

అయినా పని ముందుకు కదల్లేదు. ఈసారి ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో (బూట్ ఫైళ్ళు ఉండే డిస్క్ భాగం) చోటు చాలదంది. విండోస్ తన కోసం చేసుకున్న 100 ఎంబీ పార్టిషన్ అది, ఉబుంటు కూడా దాన్నే వాడుకుంటోంది. లోపల చూస్తే మైక్రోసాఫ్ట్ ఫోల్డరు, అందులో పదుల కొద్దీ భాషల ఫోల్డర్లు, ఫాంట్లు. విండోసే లేనప్పుడు అవెందుకు? ముందు మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, ఆ ఒక్క ఫోల్డరు తీసేశాను. ఉబుంటు ఫోల్డరు జోలికి మాత్రం పోకూడదు, పోతే సిస్టమ్ బూట్ అవ్వదు.

అప్పటికి సింహాచలం కొండ వైపు మబ్బు పట్టింది. గాలి గట్టిగా వీస్తే మధురవాడలో మా వీధికి కరెంటు ఉండదు. బయోస్ రాస్తుండగా పవర్ పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు. అందుకే బ్యాటరీ నిండేదాకా ఆగి, ఛార్జర్ తీయకుండానే అప్‌డేట్ కొట్టాను. రీస్టార్ట్ అయ్యాక నల్లటి స్క్రీన్ మీద కంపెనీ లోగో, కింద సన్నటి గీత మెల్లగా నిండుతోంది. ఫ్యాన్ ఒక్కసారిగా ఫుల్ స్పీడ్ అందుకుంది. మధ్యలో స్క్రీన్ పూర్తిగా ఆరిపోయింది. ఆ కాసేపు టెన్షన్ మామూలుగా లేదు, కానీ పవర్ బటన్ ముట్టుకోలేదు. తనంతట తానే మళ్ళీ వెలిగి ఉబుంటు వచ్చింది. డీఎంఐడీకోడ్ అనే కమాండ్‌తో చూస్తే కొత్త వెర్షనే. మూత మూసి తెరిచాను, లాగిన్ స్క్రీన్ వెంటనే వచ్చింది.

మీ మోడల్ ఎల్‌వీఎఫ్‌ఎస్‌లో లేకపోతే బయోస్ మెనూలోనే ఫ్లాష్ (బయోస్‌ను తిరగరాసే) ఆప్షన్ ఉందేమో చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. ఫ్యాట్32గా ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో బయోస్ ఫైలు పెడితే నేరుగా తీసుకుంటుంది.