30 మారియో టీషర్టులు వద్దన్నాను

పోయిన వారం యూనివర్సిటీ పిల్లోడొకడు బాలాజీ కాలనీలో మా ప్రింటింగ్ షాపుకొచ్చినాడు. "అక్కా, ఫెస్టుకి 30 టీషర్టులు గావాల. అన్నిటి మీదా మారియో బొమ్మ." మాకది చిన్న ఆర్డరేం కాదు. అయినా వద్దన్నాను. మారియో ఒక వీడియో గేముల కంపెనీ సొంత బొమ్మ, వాళ్లనడక్కుండా వేసి అమ్మడం నాకిష్టం లేదు.

"నెట్‌లో అందరూ ఏస్తానే ఉండారు గదక్కా, తిరుపతిలో ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఎవరో చూస్తారని కాదు. 2013లో మా తమ్ముడు డబ్బు కట్టకుండా టొరెంట్ నుంచి గేమ్ డెవ్ టైకూన్ దింపినాడు. మనమే గేముల కంపెనీ పెట్టి నడిపే ఆట అది. రాత్రంతా కూర్చుని ఆడినా. ఎంత మంచి గేము చేసినా కొనేవాళ్లు తగ్గిపోతానే ఉండారు, జనం దొంగ కాపీలు ఆడుతున్నారని తెర మీద సందేశం. చివరికి నా కంపెనీ దివాళా. అట్లా దివాళా తీసేట్టు మార్చి ఆ కాపీని టొరెంట్‌లో పెట్టింది గేము చేసిన అన్నదమ్ములేనని తర్వాత తెలిసింది. అసలు గేము ధర అప్పట్లో 8 డాలర్లే. మొదటి రోజు కొన్నోళ్లు 214 మంది, ఆ కాపీ ఆడినోళ్లు 3,104 మంది. ఆ 214 నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

కంపెనీలు చేసేదంతా నాకు నచ్చదు. 2015లో సియాటిల్‌లో అభిమానులు పోకెమాన్ పాత్ర పికాచు బొమ్మతో పోస్టరేసి పార్టీ పెట్టుకుంటే పోకెమాన్ కంపెనీ కేసు పెట్టింది. అంత అవసరమా అనిపించింది. జపాన్‌లో తోహో గేములు ఒక్కడే చేసే జున్ దారి వేరు. తన పాత్రలతో అభిమానులు పుస్తకాలు, పాటలు చేసి అమ్ముకోవచ్చని కొన్ని షరతులతో ఒప్పుకున్నాడు. వాటికోసమే 2004 నుంచి రెయిటైసై అని పెద్ద సంత జరుగుతోంది. అడిగితే ఇచ్చేవాళ్లూ ఉన్నారన్నమాట.

ఇంకోటి కూడా ఉంది. నిరుడు ఏడుకొండల్ని ఒకే గీతలో గీసి మగ్గుల మీద వేసినా. ఆరో కొండ దగ్గర చెయ్యి వణికి గీత కాస్త కిందికి జారింది. రెండు నెలలకు పక్క వీధి షాపులో అదే బొమ్మ చూసినా. ఆ జారిన గీత కూడా అట్లనే ఉంది. మగ్గు చేతిలో పట్టుకొని చానాసేపు అక్కడే నిలబడిపోయినా.

పిల్లోడికి ఇదంతా చెప్పలేదు. "మీలో ఎవరైనా బొమ్మ గీసి తీసుకురా నాయనా, డిజైన్ ఛార్జి తీసుకోను" అన్నాను. ఇంకా ఫోన్ రాలేదు. తెల్ల టీషర్టులు 30 పక్కన పెట్టి ఉంచినా.