మొదటి పచ్చబొట్టు ఎక్కడ వేయించుకోవాలి?

ముంజేయి లోపలివైపే అని తేల్చుకున్నాను. మణికట్టు మీద వేయించుకోమని చెల్లి ఒకటే పోరు. అక్కడ చర్మం పలచన, కిందే ఎముక, నొప్పి ఎక్కువ. వేళ్ల మీదైతే రోజూ గిన్నెలు తోమే చేతులకి తొందరగా వెలిసిపోతుంది.

సిరా చర్మం పైపొర దాటి రెండో పొరలో నిలుస్తుంది. మా అమ్మమ్మ ముంజేతి మీది చుక్కల ముగ్గు అంచులు చెదిరి, నీలం ఆకుపచ్చగా మారింది. అయినా ప్రతి చుక్కా విడిగా కనిపిస్తుంది. నాకూ అలాంటిదే కావాలి.

ఆర్మీకి ప్రిపేరవుతున్న తమ్ముడికి మాత్రం గట్టిగా చెప్పాను: ముంజేయి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప ఇంకెక్కడ వేయించుకున్నా మామూలుగా సెలెక్షన్లో తీసుకోరు. తొందరపడొద్దురా అని.

ఇంకోటి, టాటూ వేయించుకున్నాక ఏడాది దాకా రక్తదానం కుదరదు. అందుకే ముందు రక్తం ఇచ్చి వస్తాను.